ఏటవాలు లిఫ్టు

మీకు ఎన్ని పనులున్నా సరే, ఎప్పుడైనా ఆ కొండ మీది ఊరికి వెళ్తే బస్సు దిగి నేరుగా లాడ్జికి మాత్రం పోకండి. బస్సు ఆగే చోటికి కుడి పక్కనే మెట్ల వీధి మొదలవుతుంది. అక్కడ గ్యాస్ సిలిండర్ల మధ్య, మగవాళ్ళ స్వెట్టరు వేసుకుని, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఒకావిడ ఇనపతాడుని వేళ్ళతో తడుముతూ ఉంటుంది. పలకరిస్తే తల ఎత్తదు. పొగరనుకోకండి, తాడు చూసేటప్పుడు ఎవరొచ్చినా అంతే. పని అయ్యాక చేతులు తుడుచుకుని, తనే మీకు టీ తెప్పిస్తుంది. ఊళ్ళో అందరూ లిఫ్టక్క అంటారు. ఆవిడని కలవకుండా కొండ దిగొస్తే మీ టికెట్టు డబ్బులు దండగ.

లిఫ్టక్క పుట్టింది పెరిగింది కింద, నగరంలో. తండ్రి ఒక కంపెనీలో లిఫ్టు మెకానిక్. తల్లి లేని పిల్లని బడి అయ్యాక ఎక్కడ ఉంచాలో తెలియక వెంట తిప్పుకునేవాడు. పిల్లలు బొమ్మలతో ఆడుకునే వయసులో ఆమె పాత బేరింగులతో ఆడుకుంది. పదిహేనేళ్ళకే మోటారు చప్పుడు విని జబ్బు చెప్పేది. తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది: బాగుచేసిన లిఫ్టులో మొదటి సవారీ మెకానిక్‌ది. "నువ్వు ఎక్కడానికి జంకే లిఫ్టుని ఇంకొకళ్ళకి అప్పజెప్పకమ్మా" అనేవాడు. ఆయన పోయాక ఆ కంపెనీలోనే చేరి ఇరవై ఏళ్ళు పని చేసింది.

తర్వాత ఆ పాడు ఏడాది వచ్చింది. నగరంలో కట్టడాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఏడో అంతస్తు దాకా లేచిన భవనాలు చువ్వలు పైకి చాపుకుని, దువ్వెన తగలని జుట్టులా నిలబడిపోయాయి. కొత్త భవనం లేనిది కొత్త లిఫ్టు ఎక్కడిది? కంపెనీ ఒక్క మధ్యాహ్నంలో పద్నాలుగు మందిని ఇంటికి పంపేసింది. అంతకు మూడు నెలల ముందే ఆమె భర్త పని చేసే ప్రెస్సు మూతపడింది. ఆయన ప్రూఫులు దిద్దేవాడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళకీ పని లేదు, కూతురు ఆరో తరగతి, పైన మోకాళ్ళ నొప్పులతో, ఆయాసంతో అత్తగారు.

భర్త అన్నగారు ఆ నగరంలోనే పైపులు, కుళాయిలు అమ్మే దుకాణం నడుపుతాడు. చెడ్డవాడేం కాదు. కానీ సాయం చేసేటప్పుడు ఆయన గొంతు రెండు మెట్లు పైనుంచి వస్తుంది.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వొచ్చి నా కౌంటర్లో కూర్చో. మీ ఆవిడ ఇల్లు చూసుకుంటుంది. ఇన్నేళ్ళూ గ్రీజు పూసుకుంది చాల్లే" అన్నాడు.

గ్రీజు మాట లిఫ్టక్కకి ఎక్కడో తగిలింది. మర్నాడే పేపర్లో ఒక ప్రకటన కత్తిరించి భర్త ముందు పెట్టింది. కొండ ఊళ్ళో రోప్‌వేకి మెకానిక్ కావాలి, ఉండడానికి క్వార్టర్సు ఇస్తారు.

"లిఫ్టయితేనేం, రోప్‌వే అయితేనేం. తాడే కదా" అంది.

అత్తగారు మంచం మీంచే అందుకుంది. "నాకు గుమ్మం దాటడమే గండంగా ఉంటే నన్ను కొండ ఎక్కిస్తావుటే?"

"బస్సు ఎక్కుతుంది అత్తయ్యా. మీరు కూర్చోవడమే."

"నువ్వు ముందే అన్నీ ఆలోచించేశావు. ఇంక నన్నడగడం ఎందుకు, మర్యాదకా?"

"అవును."

అత్తగారికి నవ్వొచ్చింది గానీ మొహం అటు తిప్పుకుంది.

సామాను లారీకెక్కింది. ఎక్కించేటప్పుడే బీరువా అద్దం పగిలింది. పద్నాలుగు గంటల ప్రయాణం. కొండ ఊళ్ళో దిగి, మొహం కడుక్కుని, లిఫ్టక్క సర్టిఫికెట్లన్నీ పట్టుకుని రోప్‌వే ఆఫీసుకి వెళ్ళింది. మేనేజరు కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. అంత మర్యాద చూసేసరికే ఆమెకి కీడు శంకించింది.

"పోస్టు ఉందమ్మా. ఆర్డరే లేదు."

"ఉన్న పోస్టుకి ఆర్డరు లేకపోవడమేంటి సార్?"

"కొత్తగా ఎవర్నీ తీసుకోవద్దని మొన్న సాయంత్రం కబురొచ్చింది. మీకు ఫోన్ చేద్దామనే అనుకున్నాం."

"అనుకుని?"

మేనేజరు పేపరు వెయిట్‌ని అటు నుంచి ఇటు జరిపాడు. ఉద్యోగం లేదంటే క్వార్టర్సూ లేదు. కింద రోడ్డు మీద బీరువా, మంచాలు, దుప్పట్ల మూటల మధ్య కుర్చీలో అత్తగారు దేశాన్ని ఓడిపోయిన రాణిలా కూర్చుని ఉంది.

ఆ సాయంత్రానికి దొరికిన ఇల్లు మెట్ల వీధికి పైకొసన ఉంది. రెండు గదులు, చిన్న వంటగది, వీధి మీదికి ఒక పెద్ద కిటికీ. అద్దె తక్కువ. ఎందుకు తక్కువో ఎక్కేటప్పుడు తెలిసింది: నూట అరవై రెండు మెట్లు. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మగవాళ్ళు మోసుకెళ్ళారు. దారంతా జనం ఆగి చూశారు. ఆవిడ కొంగు మొహం మీదికి లాక్కుంది. పైన దించాక అంది: "ఇంకోసారి నన్నెవరైనా ఇలా మోశారంటే అది నాలుగు కర్రల మీదే. గుర్తుపెట్టుకోండి."

ఆ రోజే బావగారు ఫోన్ చేశాడు. వెనక్కి వచ్చెయ్యమన్నాడు. భర్త ఫోన్ చేత్తో మూసి ఆమె వైపు చూశాడు.

"బీరువాకి ఇంకో అద్దం ఉంది. లారీ ఎక్కిస్తే అదీ పోతుంది. నేను ఎక్కించను" అందామె. వెనక్కి వెళ్ళడం గురించి ఆ ఇంట్లో ఆమె చెప్పిన సమాధానం చాలా రోజుల వరకూ అదొక్కటే.

భర్తకి అక్కడి బోర్డింగ్ స్కూల్లో పని దొరికింది. మూడు వందల మంది పిల్లల బట్టలకి నంబరు పట్టీలు కుట్టాలి. ఇన్నేళ్ళూ అచ్చుతప్పులు పట్టిన మనిషి కదా, ఆయన చేరిన నెల నుంచి ఒకళ్ళ సాక్సు ఇంకొకళ్ళ కాలికి ఎక్కలేదు. లిఫ్టక్క కుక్కర్లు, తాళాలు, గీజర్లు, ఏది దొరికితే అది బాగుచేసింది. ఆ ఊళ్ళో రెండంతస్తులు దాటిన భవనం లేదు. లిఫ్టు మెకానిక్‌కి అంతకంటే పనికిమాలిన ఊరు వెతికినా దొరకదు.

ఒకరోజు బియ్యం బస్తా కోసం కింది కొట్టుకి వెళ్తే, మూడు రోజులు ఆగాలన్నారు. మోసేవాళ్ళు లేరట. ఒకప్పుడు ఇరవై మంది ఉండేవాళ్ళు, పనుల కోసం అందరూ కిందికి దిగిపోయారు. మిగిలినవాడు ఒక్కడే, నడుము సగానికి వంగిన ముసలాయన. ఊరంతా పెద్దమోత అంటారు. ఆయన మెట్ల పక్కన గోడకి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర గడ్డిలో ఏదో తుప్పు రంగులో కనిపించింది. లిఫ్టక్క వంగి గడ్డి పీకింది. పట్టాలు.

"ఇవేంటి తాతా?"

"అవా? నా చిన్నప్పుడు పై ట్యాంకుకి పైపులు లాక్కెళ్ళడానికి వేశారు. రెండు జతలున్నాయి, అటొకటి ఇటొకటి. పని అయిపోయింది, వదిలేశారు. ఈ ఊళ్ళో ఏదైనా అంతే."

ఆమె తల ఎత్తి చూసింది. మెట్ల వెంబడి కింది నుంచి పై వరకూ తిన్నగా, ఏటవాలుగా పట్టాలు. ఇరవై ఏళ్ళు లిఫ్టు గుంతల్లో నిలబడి పైకి చూసిన కళ్ళకి అదేంటో తెలియడానికి ఎంతసేపు? ఎవరో ఒక లిఫ్టుని కొండ మీద పడుకోబెట్టి మర్చిపోయారు.

ఊరి కార్యాలయంలో గుమస్తా ఆమె గీసుకొచ్చిన బొమ్మని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"లిఫ్టంటే పైవాళ్ళ అనుమతి కావాలి. ఏడాది పడుతుంది. మీరు దీన్ని బండి అనండి, సరుకులకి మాత్రమే అని రాయండి, ఇప్పుడే సంతకం పెట్టేస్తా."

"బండే" అంది లిఫ్టక్క.

రోప్‌వే మేనేజరుకి ఆమె మొహం చూస్తే ఎలాగూ సిగ్గేసేది, పక్కన పడేసిన చక్రం ఒకటీ తాడూ తీసుకెళ్ళమన్నాడు. తాడుని ఆమె జానెడు జానెడు తడిమి, పోగులు తెగిన చోట్లు కోసేసి, మంచి ముక్క మాత్రమే ఉంచుకుంది. ఏర్పాటు చాలా సులువు. రెండు బండ్లు, ఒకే తాడుకి రెండు కొసల్లో. ఒకటి పైనుంటే ఒకటి కిందుంటుంది. ఒక్కో బండి అడుగున ఒక నీళ్ళ ట్యాంకు. ఊరి పైన ఊట నీళ్ళు రాత్రీ పగలూ కాలవలోకి ఊరికే పోతున్నాయి. పై బండి ట్యాంకు నింపితే బరువెక్కి కిందికి జారుతుంది, కింది బండి సరుకుతో పైకొస్తుంది. కిందికి చేరాక నీళ్ళు వదిలేస్తే మళ్ళీ తేలిక. కరెంటు అక్కర్లేదు. పైన చక్రానికి బ్రేకు, ఆ బ్రేకు దగ్గర పెద్దమోత.

"ఇన్నేళ్ళూ మెట్లెక్కి బతికాను. ముసలితనంలో కూర్చోబెట్టి తిండి పెడతానంటున్నావు, నీ కడుపు చల్లగా. కానీ ఇది ఎక్కదక్కా, రాసిస్తా" అన్నాడాయన.

ఎక్కింది. మొదటి వారం సిలిండర్లు, రెండో వారం బియ్యం, సిమెంటు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. పన్నెండో రోజు పొద్దున మంచు దిగింది. పై బండి నిండా నీళ్ళు, కింది బండిలో బంగాళాదుంపలు. పెద్దమోత ఎప్పట్లాగే వదిలి, ఎప్పట్లాగే బ్రేకు నొక్కాడు. బ్రేకు పట్టలేదు. నీళ్ళ బండి కిందికి దూసుకుపోయింది. దుంపల బండి పైకి లేచొచ్చి అడ్డదుంగకి గుద్దుకుంది. తొమ్మిది బస్తాల దుంపలు గాల్లోకి లేచి, నూట అరవై రెండు మెట్ల మీదా ఒక్కొక్కటే దిగుతూ బస్సుల దాకా వెళ్ళాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది అదృష్టం, ఆమె తెలివి కాదు. ఆ మాట ఆమే చెప్పింది.

తప్పేంటో ఆమెకి చక్రం ముట్టుకోగానే తెలిసింది. బ్రేకు తడిసింది. దానికి కప్పే వెయ్యలేదు. లిఫ్టు మెషీన్ ఎప్పుడూ భవనం నెత్తిన గదిలో ఉంటుంది. ఇరవై ఏళ్ళలో ఒక్క లిఫ్టు కూడా వానలో తడవడం ఆమె చూడలేదు. ప్లంబరో తాపీ మేస్త్రీనో అయితే మొదటి రోజే రేకు వేసేవాడు. అంత పెద్ద మెకానిక్‌కి ఆకాశం గుర్తు లేదు.

అత్తగారు కిటికీ లోంచి అంతా చూసింది. "దుంపలకైనా దిగడానికి దారి దొరికిందే, నాకే లేదు" అంది.

లిఫ్టక్క రేకు కప్పు వేసింది, బ్రేకు మార్చింది, రెండు చివర్లా స్వయంగా బోర్డులు రాసి పెట్టింది: మనుషులు ఎక్కరాదు. బండి మళ్ళీ నడిచింది. మంచులోనూ నడిచింది, వానలోనూ నడిచింది.

ఇప్పుడు అసలు సంగతి. అత్తగారు ఆ ఇంటికి చేరి ఆర్నెల్లయింది. దుమ్ము లేని గాలికి ఆయాసం తగ్గిపోయింది. కిటికీలో కూర్చుని మెట్లెక్కేవాళ్ళందరితోనూ మాట కలిపేది, అలిసి ఆగినవాళ్ళు ఎక్కడికి పోతారు, వినాల్సిందే. ఆ వీధిలో ఆవిడకి తెలియని కాపురం లేదు. కానీ గడప దాటి కిందికి ఒక్కసారీ దిగలేదు. ఈ సంగతి బావగారికి తెలిసింది. ఫోన్ చేశాడు.

"అమ్మని కొండ మీద ఖైదు చేశారు. వచ్చే ఆదివారం నేనొస్తున్నా. కుర్చీ, నలుగురు మనుషులూ సిద్ధం. అమ్మ నాతో వస్తుంది."

భర్త ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. "అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. అమ్మ నిజంగానే గదిలో ఉండిపోయింది. అమ్మ దిగితే నేనూ దిగుతాను. అమ్మని వదిలేసి నేనిక్కడ ఉండలేను" అన్నాడు.

ఆయన దిగితే అందరూ దిగినట్టే. మళ్ళీ లారీ, మళ్ళీ నగరం, కౌంటరు వెనక ఆయన, వంటింట్లో ఆమె. లిఫ్టక్క సగం అన్నం ఉన్న కంచం తీసేసింది. అత్తగారే అందుకుంది.

"ఏరా చిన్నోడా, నేను దిగుతానని నీకు చెప్పానా?"

"మరి అన్నయ్యకి ఏం చెప్తావమ్మా? ఫోన్‌లో చెప్తే వింటాడా?"

"అడ్డాల నాడు బిడ్డలు గానీ గడ్డాల నాడు కాదు. ఫోన్‌లో వినడు. ఎదురుగా చెప్పాలి. వాడు పైకొచ్చి, ఈ గదిలో నన్ను చూసి, జాలిపడి ఎత్తుకుపోవడం కాదు. నేనే కిందికెళ్ళి, రోడ్డు మీద వాడి మొహం చూసి రానని చెప్పి పైకొస్తా." కోడలి వైపు తిరిగింది. "అమ్మాయ్, నీ బండి సిలిండరుని దింపుతుంది కదా. నేను రెండు సిలిండర్లంత ఉంటాను."

"మనుషులు ఎక్కకూడదు అత్తయ్యా."

"ఎవరన్నారు?"

"నేనే. బోర్డు రాశాను."

"రాసిన చెయ్యేగా చెరిపేది."

"చెరపను" అంది లిఫ్టక్క. కానీ పొద్దున్నే సరుకులు ఆపేసింది.

నాలుగు రోజులు బండి నడవలేదు. తాడు తెగినా, వదులైనా రెండు పక్కలా పట్టాల్ని కరుచుకునే ఇనప దవడలు చేసింది. మనుషులెక్కే ప్రతి లిఫ్టుకీ అవి ఉంటాయి, సరుకు బండికి లేకపోయినా నడుస్తుంది. ఇసక బస్తాలు వేసి, సగం దారిలో పిన్ను లాగి బండిని తాడు నుంచి కావాలని విడిపించింది. మొదటిసారి ఆరడుగులు జారి ఆగింది. రెండోసారి మూడడుగులు. తొమ్మిదోసారికి జానెడు. తర్వాత బస్తాలు తీసేసి తనే ఎక్కి కూర్చుంది.

"పిన్ను లాగు తాతా."

పెద్దమోత చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను లాగనక్కా. కావాలంటే పనిలోంచి తీసెయ్."

"నన్ను పెట్టి లాగకపోతే, రేపు అత్తయ్య ఎక్కాక తెలుసుకుందామా?"

భర్త మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "అమ్మనీ ఎక్కించొద్దు, నువ్వూ ఎక్కొద్దు. అన్నయ్యతో నేనే పోట్లాడతా" అన్నాడు.

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా పోట్లాడారా?" అంది. పెద్దమోత కళ్ళు మూసుకుని పిన్ను లాగాడు. బండి జానెడు జారి కీచుమని ఆగింది. ఆమె దిగి, దవడలు చూసుకుని, మళ్ళీ ఎక్కింది. అలా పదకొండు సార్లు.

శనివారం వెళ్ళి గుమస్తాకి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "వద్దంటే వద్దని కాగితం మీద రాసివ్వండి." ఆయన కాగితం తీశాడు, కలం తీశాడు, రెండూ లోపల పెట్టేశాడు. "రేపు ఆదివారం. నాకు సెలవు" అన్నాడు.

ఆదివారం పొద్దున సన్నటి తుంపర. మంచులో నాలుగో మెట్టు కనిపించడం లేదు. బావగారు కారు దిగాడు, వెనక నలుగురు మనుషులు, వాళ్ళ చేతుల్లో కుర్చీ. మెట్ల మొదట్లో లిఫ్టక్క నిలబడి ఉంది.

"అమ్మ ఏదమ్మా?"

"వస్తున్నారు బావగారూ."

పైన గంట మోగింది. మంచులోంచి ముందు చక్రాల చప్పుడు వచ్చింది, తర్వాత ఒక చేతికర్ర, తర్వాత చిన్నకొడుకు రెయిన్‌కోటు తొడుక్కుని, బండికి బిగించిన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్న అత్తగారు. బండి వచ్చి మెత్తగా ఆగింది.

"అమ్మా... ఇదేంటి?"

"కనబడట్లా? బండి. దగ్గరికి రా, మొహం చూసి ఆర్నెల్లయింది." ఆయన వచ్చాడు. ఆవిడ కొంగుతో ఆయన బట్టతల మీది తడి తుడిచింది. "చిక్కిపోయావు. ఏం తింటున్నావురా?"

"కారెక్కమ్మా. ఇంటికెళ్దాం. నిన్ను బస్తాలా వేసి దింపుతుంటే నేను చూస్తూ ఊరుకోవాలా?"

"బస్తా నీతో మాట్లాడుతుందా? నీ నలుగురూ మోస్తేనే నేను బస్తా. ఒరేయ్ పెద్దోడా, నీ ఇంట్లో లిఫ్టుంది. మీట నొక్కితే వస్తుంది. ఎక్కి నేను ఎక్కడికెళ్ళాలి? ఆ నాలుగో అంతస్తులో నన్ను పలకరించే దిక్కెవరు? ఇక్కడ నాకు ఊపిరాడుతోంది. నేను రాను."

ఆయన తల్లిని వదిలి లిఫ్టక్క వైపు తిరిగాడు. గొంతు ఈసారి పైనుంచి రావడం లేదు. "తాడు తెగితే?"

"పట్టాని కరుచుకుని ఆగుతుంది."

"అదీ కరవకపోతే? దుంపల సంగతి నాకు తెలీదనుకున్నావా?"

ఆమె తాడు మీద చెయ్యి వేసింది. "అప్పుడు తప్పు నాది."

"తప్పు నీదైతే మా అమ్మ తిరిగొస్తుందా?"

దానికి ఆమె దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదంటుంది.

"మీ ఇద్దరూ నన్నేదో పంచుకుంటున్నట్టు మాట్లాడతారేంట్రా" అంది అత్తగారు. "ఎక్కింది నేను. అమ్మాయ్, నీళ్ళు వదిలి గంట కొట్టు. చలేస్తోంది."

లిఫ్టక్క గంట కొట్టింది. కొడుకు చూస్తుండగానే తల్లి వెనక్కి తిరక్కుండా మంచులోకి ఎక్కిపోయింది. నలుగురూ ఖాళీ కుర్చీతో నిలబడి ఉంటే, వాళ్ళకి టీ తాగమని డబ్బులిచ్చి బావగారు కారెక్కాడు.

కుటుంబం దిగలేదు. భర్త ఇంకా పట్టీలు కుడుతున్నాడు, బండికి ఇప్పుడు ముగ్గురు పనివాళ్ళు. బావగారు మాత్రం ఆ రోజు నుంచి తల్లితో తప్ప ఆ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. భర్త ఆ ఆదివారం ఆమె చేసింది తప్పే అంటాడు, అన్నం తింటూ, ఆమె మొహం మీదే అంటాడు. ఆమె ఆయనకి ఇంకాస్త వడ్డిస్తుంది. పెద్దమోతని అడిగితే, అంత ధైర్యం తనకి లేదు గానీ తన తల్లి అడిగి ఉంటే తనూ కాదనేవాడు కాదంటాడు. వీధిలో సగం మంది అటు, సగం మంది ఇటు.

మరి మీరు చెప్పండి. పైన ఎక్కి కూర్చుని, దింపవే అని అడుగుతున్న మనిషి. కింద కుర్చీ పట్టుకుని, ఎత్తుకుపోతామని వచ్చిన మనుషులు. పక్కన మీ చేత్తో మీరే రాసిన బోర్డు. మీరైతే ఏం చేసేవారు?